అకబాకి ఇంకా రెండు రోజులు

రస్మియ్యా టీచరు ఆ పొద్దున డేరా మడిచి, సంచీలో కుక్కి, సంచీ భుజాన వేసుకున్నాక కూడా కదల్లేదు. మళ్లీ దింపి రాతి మీద కూర్చుంది. బూట్లలో ఇసుక పడిందేమోనని తాళ్లు విప్పి దులిపింది. ఏమీ రాలలేదు. చల్లారిపోయిన పుల్లల్ని మళ్లీ రాజేసి ఇంకో గ్లాసు టీ పెట్టుకుంది.

నలభై రోజులుగా ఆమెకు ఒకటే తొందర. ఎండ ముదరకముందే ఈ లోయ దాటాలి, పొద్దు వాలకముందే ఆ బావి చేరాలి. ఇప్పుడు రమ్ ఎడారి వెనకబడింది. అకబా ఇంకా రెండు రోజుల దూరంలో ఉంది. ఆ తొందరంతా ఎటు పోయిందో పోయింది. కాళ్లు బాగానే ఉన్నాయి, మనసే ముందుకు సాగనంటోంది.

ఆమెకు యాభై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. అజ్లూన్ కొండల్లో అంజరా ఊరి ఆడపిల్లల బడిలో ఇరవై ఎనిమిదేళ్లు భూగోళం చెప్పింది. ప్రతి ఏడూ మొదటి పాఠం రోజున నల్లబల్ల మీద దేశం పటం గీసేది. పైన యర్మూక్ నది దగ్గర మొదలుపెట్టి, చేయి ఎత్తకుండా కిందిదాకా లాగి, చివర అకబా దగ్గర మాత్రం ఆగి, నీలం సుద్దముక్క తీసి ఓ బెత్తెడు గీత గీసేది. "ఇదే మన సముద్రం పిల్లలూ. ఇంతే. ఉన్నంతలో సర్దుకోవాలి" అనేది. పిల్లలు నవ్వేవారు. అంతమంది పిల్లలకు ఆ సముద్రాన్ని చూపించిన టీచరు దాన్ని కళ్లారా చూడనేలేదు. ఆమె చూసిన దక్షిణం కరక్ పట్నంతో సరి, అదీ ఒక పెళ్లికి వెళ్లి.

ఎందుకు చూడలేదంటే, మొదట్లో ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంది, తర్వాత తల్లి. ఆ తల్లి పేరు ఫిద్దా. ఊళ్లో అందరికీ పెద్ద నోరున్న మనిషిగా తెలుసు. పై కొండ మీద నిలబడి పిలిస్తే కింద ఆలివు తోటలో ఉన్నవాళ్లు పలికేవారు. రస్మియ్యాకు నలభై రెండేళ్లప్పుడు ఒకనాటి పొద్దున ఆవిడకు కుడిపక్క చచ్చుబడింది. నోరు కూడా పోయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. 'అవును' అనాలంటే కళ్లు మూసి తెరిచేది, 'కాదు' అనాలంటే కనుబొమలు పైకి ఎత్తేది. అంతే, ఆ రెండు మాటలే మిగిలాయి.

పగలు రస్మియ్యా బడికి వెళ్లినప్పుడు పై అంతస్తులో ఉండే మరదలు ఇఖ్లాస్ చూసుకునేది. సాయంత్రం నుంచి తెల్లారేదాకా రస్మియ్యా వంతు. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. తినిపించాలి, తుడవాలి, జుట్టు దువ్వి జడ వేయాలి. అన్నీ అయ్యాక మంచం పక్కన కూర్చుని ఆ రోజు జరిగినవన్నీ చెప్పేది. హెడ్‌మిస్ట్రెస్ కొత్త చెప్పులు, ఏడో తరగతి పిల్లల అల్లరి, సంతలో టమాటాల ధర. ఫిద్దా కళ్లు మూసి తెరిచేది, నచ్చకపోతే కనుబొమలెత్తేది. పద్నాలుగేళ్లలో ఆ వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదని ఊళ్లో చెప్పుకున్నారు.

నవంబరు వానల్లో ఫిద్దా పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లు చేదు కాఫీ తాగి వెళ్లిపోయారు. కింది అంతస్తంతా రస్మియ్యా ఒక్కతే. అప్పటికే ఉద్యోగం విరమించింది. రెండు గంటలకోసారి మెలకువ వచ్చేది. లేచి, ఖాళీ మంచం దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ వచ్చి పడుకునేది.

వాళ్ల కొండల్లోంచి ఒక కాలిబాట పోతుంది. ఉత్తరపు కొసన ఉమ్ కైస్ దగ్గర మొదలై దేశం పొడుగునా సాగి అకబా సముద్రం దగ్గర ఆగుతుంది, ఆరువందల యాభై కిలోమీటర్లు. చేతిలో కర్రలు, వీపున సంచులు వేసుకుని ఆ దారిన పోయేవాళ్లను ఆమె ఏళ్ల తరబడి చూసింది. బడి గేటు దగ్గర ఆగి నీళ్లడిగేవారు. సీసా నింపి ఇచ్చేది. ఒకసారి ఓ నడివయసు ఆడమనిషిని "ఎక్కడిదాకా?" అని అడిగింది. "అకబా" అందామె, పక్కవీధిలో కూరగాయలకు పోతున్నట్టు. ఆ మాట రస్మియ్యా మనసులో అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరి చివర్లో ఆమె తమ్ముడు రాతిబ్‌కు సంగతి చెప్పింది. అతను టాక్సీ నడుపుతాడు.

"అకబాకి బస్సులు లేవా అక్కా?"

"ఉన్నాయి."

"నా కారు లేదా?"

"ఉంది."

"మరి నడవడమేంటి? టాక్సీ రాతిబ్ అక్క కాలినడకన అకబా పోయిందంటే ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? రేపట్నుంచి నా కారెవడెక్కుతాడు?"

"నేను ఎక్కుతాను. తిరిగొచ్చాక."

రోజూ పొద్దునా సాయంత్రం ఫోను చేయాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. అతనే కారులో ఉమ్ కైస్ దాకా తీసుకెళ్లి దించాడు. ఐదో రోజుకి ఆమె రాసూన్ చేరింది. అంజరాకి అది కూతవేటు దూరం. రాతిబ్ అక్కడ కారు పక్కన నిలబడి ఉన్నాడు. ముందు సీట్లో తువ్వాలు చుట్టిన గిన్నె, అందులో ఇఖ్లాస్ వండిన మక్లూబా అన్నం, ఇంకా ఆవిరి పోతోంది.

"ఐదు రోజులు నడిచి నడిచి ఎక్కడికొచ్చావు? మన ఇంటికే. అల్లా కూడా అదే అంటున్నాడు. తిని కారెక్కు."

ఆమె తిన్నది. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నది. గిన్నె కడిగి చేతికిచ్చి, తమ్ముడి భుజం తట్టి, దక్షిణం వైపు నడిచింది. అతను చాలాసేపు హారను కొడుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఊపింది గానీ వెనక్కి తిరగలేదు. తిరిగితే కారెక్కేసేదాన్నని తర్వాత తనే ఒప్పుకుంది.

మొదట్లో సాయంత్రాలే కష్టమయ్యేవి. డేరా వేసి, టమాటాలు వేయించుకుని, రొట్టెతో తిని కూర్చోగానే నోరు దానంతటదే తెరుచుకునేది. "అమ్మా, ఇవాళ నల్ల సౌసన్ పూలు చూశానే. నల్లవంటే నిజంగా నల్లవే" అని పైకే చెప్పేది. ముజిబ్ లోయ దిగి ఎక్కిన రోజున తల్లికి చెబుతూ చెబుతూ ఏడ్చింది, మోకాళ్ల నొప్పికో మరి దేనికో. డానా దాటాక ఒక సాయంత్రం ఆమెకు ఒక విషయం తట్టింది. తను చెబుతుంటే జవాబిస్తున్న తల్లి మంచంలో ఉన్న తల్లే. కళ్లు మూసి తెరుస్తుంది, కనుబొమలెత్తుతుంది, గొంతు మాత్రం లేదు. ఆ గొంతు ఎలా ఉండేదో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఏమేం మాటలనేదో గుర్తున్నాయి. చెప్పుకుంటే తన గొంతులోనే వినిపిస్తున్నాయి. కొండ మీంచి పిలిస్తే తోటలో పలికే గొంతు అది. పద్నాలుగేళ్ల నిశ్శబ్దం దాన్ని పూర్తిగా మింగేసింది.

ఆ రోజు నుంచి ఆమె సాయంత్రాలు మాట్లాడటం మానేసింది. నడిచేది, వండుకునేది, కూర్చునేది. పెట్రా వచ్చింది, పోయింది. హుమైమా దగ్గర ఇసుక తగిలింది. అన్నింటికంటే ఎక్కువగా ఆమె కోరుకుంది ఒకే ఒక్కటి, ఒక్కసారి ఆ గొంతు వినాలని.

ఇదీ ఆ నలభై ఒకటో రోజుకు ముందు సంగతి.

రెండో టీ కూడా తాగేసి ఆమె ఎట్టకేలకు బయలుదేరింది. గంట నడిచిందో లేదో కుక్క మొరుగు వినిపించింది, వెంటనే మేకల అరుపులు. కొండచరియ మలుపులో ఒక నల్లటి మేకవెంట్రుకల గుడారం కనిపించింది. పక్కలకు ఎరువుల సంచులతో మాసికలు వేసి ఉన్నాయి. మేకలు దొడ్డిలోనే ఉన్నాయి. ఎండ ఇంత ఎక్కాక కూడా ఇంకా దొడ్డిలోనే ఉన్నాయంటే ఏదో జరిగింది.

"ఎవురది? మొగోడా, ఆడదా?" అని లోపల్నుంచి గొంతు వచ్చింది.

"ఆడదాన్నే పిన్నీ."

"అయితే లోపలికి రా. మొగోడివైతే ఆడనే నిలబెట్టి మీ వోళ్ల పేర్లన్నీ అడిగేదాన్ని."

పొయ్యి పక్కన ఒక ముసలమ్మ పక్కకు ఒరిగి ముడుచుకుపోయి ఉంది. చేతిలో చితుకు ఇంకా అలాగే ఉంది. గడ్డం మీద పచ్చబొట్టు, కళ్లకు కాటుక.

"నడుం పట్టేసిందమ్మా. నిప్పు ఊదుదామని వంగినా. వంగినదాన్ని వంగినట్టే పడుండా. మేకలు పాలు పితకమని అరుస్తా ఉండాయి. నా కొడుకు ఔదా నీళ్లు తీసుకోని ఎల్లుండి గానీ రాడు."

రస్మియ్యా సంచీ అక్కడే పడేసింది. ఏం చేయాలో ఆలోచించనక్కర్లేకపోయింది. మోకాలు నేలకు ఆనించి, ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి తుంటి కిందికి పోనిచ్చి, "ఊపిరి పీల్చండి పిన్నీ, ఇప్పుడు వదలండి" అంటూ ఒక్క ఊపున పక్కకు తిప్పి, వీపుకు దిండు ఆనించింది. ముసలమ్మ అరుద్దామని నోరు తెరిచింది కానీ అరవాల్సిన పని లేకపోయింది.

"యా అల్లా! డాక్టరమ్మవా నీవు?"

"కాదు పిన్నీ. భూగోళం టీచర్ని."

"అంటే ఏంది?"

"భూమ్మీద ఏది ఎక్కడుందో పిల్లలకు చెప్పడం."

"అయితే మా ఎర్రమేక రెండు దినాల్నుంచి కనపడ్లే. అది యాడుందో చెప్పు చూద్దాం."

ఊరివాళ్లంతా ఆమెను ఉమ్ ఔదా అంటారు, ఔదా అమ్మ అని. సొంత పేరు సబ్హా. మొగుడు పోయి ఇరవై ఏళ్లు. కొడుకులు రమ్ ఊళ్లో సిమెంటు ఇళ్లు కట్టుకున్నారు. ఆమె మాత్రం కప్పు కింద ఊపిరాడదని చెప్పి మేకలతో ఇక్కడే ఉంటుంది.

రస్మియ్యా తన సంచీలోంచి చిన్న సీసా తీసింది. తమ ఆలివు చెట్ల నూనె, రొట్టెలోకి తెచ్చుకున్నది. కాస్త వెచ్చచేసి ఆ ఎండిన నడుముకు మర్దన చేసింది. తర్వాత మేకల దగ్గరకు వెళ్లింది. ఆమె జీవితంలో మేకను ముట్టుకోలేదు. మొదటి మేక గిన్నె తన్నేసింది. రెండోది ఆమెనే తన్నింది. గుడారంలోంచి ఉమ్ ఔదా అంతా చూస్తోంది.

"పాలు పితకడం రాదు. మొగుడు లేడు. బస్సుండాదని తెలీదు. ఇన్నేండ్లు ఏం చేస్తా ఉంటివమ్మా?"

"మా అమ్మను చూసుకున్నాను పిన్నీ."

ఉమ్ ఔదా మెల్లగా, "బొటనవేలు మడిచి పట్టు. లాగొద్దు, పిండు" అంది.

గిన్నె అడుగు తడిసేపాటికి ఒక మేకపోతు కంచె దూకి నేరుగా గుడారంలోకి పరిగెత్తింది. అక్కడ పిండి సంచీ ఉంది. ఉమ్ ఔదా పడుకున్నచోటి నుంచే గుక్కతిప్పుకోకుండా కేక పెట్టింది. "హెయ్! నీ తాడు తెగ, నీ మొహం మండ, పో అవతలికి, పో!" కొండచరియ ఆ కేకను తిప్పి పంపింది.

రస్మియ్యా చేతిలో గిన్నె ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. ఆ గొంతు ఉమ్ ఔదాదే. కానీ ఆ ప్రతిధ్వని వెనక ఇంకో గొంతు ఉంది. తనకు తొమ్మిదేళ్లు. అంజరా ఇంటి డాబా మీద ఎండబెట్టిన గోధుమల మీదికి పక్కింటి కోళ్లు వచ్చాయి. తల్లి కింద పిండి పిసుకుతూ అక్కడి నుంచే అరిచింది. "రస్మియ్యా! ఎక్కడ చచ్చావే! కోళ్లు, కోళ్లు!" కాస్త బొంగురుగా, చివర్లో పైకి లేచి పగిలిపోయే గొంతు. అచ్చం అదే గొంతు. ఎవరూ పిలవకుండానే, ఒక తిట్టును పట్టుకుని వచ్చింది.

ఆమె మేకల మధ్య పేడలో కూర్చుండిపోయింది.

"ఏందమ్మా, మళ్లీ తన్నిందా?" అని ఉమ్ ఔదా అడిగింది.

"అవును పిన్నీ" అంది రస్మియ్యా, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం ఉమ్ ఔదా చెప్పిన బండరాయి ఎక్కింది. ఆ చుట్టుపక్కల ఫోను పలికేది ఆ రాతి మీదే. దాన్ని అందరూ ఫోను రాయి అంటారు.

"ఎవరి గుడారం? ఇంట్లో మగవాళ్లెవరు? ఏ తెగ?" రాతిబ్ ప్రశ్నల వాన కురిపించాడు.

"మేకలు ముప్పై రెండు, ఒక ముసలమ్మ. మగవాళ్లలో ఒక మేకపోతు."

"అక్కా, హాస్యాలాడకు. రేపు బయలుదేరతావా?"

"ఆమె లేవలేకపోతోంది రాతిబ్. ఒక రోజు ఉంటాను."

మర్నాడు ఆమె తెల్లవారకముందే లేచింది. పొయ్యి రాజేసింది, టీ పెట్టింది, ఉమ్ ఔదాను పక్క తిప్పింది, మొహం తుడిచింది. ముసలమ్మ తలగుడ్డ విప్పితే సన్నటి నెరిసిన జడలు రెండు బయటపడ్డాయి. వాటిని విప్పి, నూనె రాసి, మళ్లీ అల్లింది. అల్లుతుంటే ఆమె వేళ్లకు ఎన్నాళ్లనుంచో తెలియని హాయి కలిగింది. మధ్యాహ్నం రొట్టెలు కాల్చింది. మేకలు ఇప్పుడు ఆమెను తన్నడం తగ్గించాయి. సాయంత్రం ఉమ్ ఔదా పక్కన కూర్చుని ముజిబ్ లోయ గురించి, నల్లపూల గురించి, రాసూన్‌లో తమ్ముడు కొట్టిన హారను గురించి చెప్పింది. ఉమ్ ఔదా ప్రతి మాటకూ అడ్డం తగిలింది. "అంత నీళ్లు ఎందుకు మోసినావు? ముజిబ్‌లో కుడిపక్క ఊట లేదా? భూగోళం చెప్పినదానివేనా నీవు?" అలా కొట్లాడుకుంటూ కూర్చోవడం ఎంత బాగుందంటే, అకబా అన్న మాటే ఆమెకు మనసులోకి రాలేదు.

మూడో రోజు పొద్దున రస్మియ్యా పాలు పితికి వచ్చేసరికి ఉమ్ ఔదా గుడారం బయట నిటారుగా నిలబడి తాడు బిగిస్తోంది.

"పిన్నీ! ఎందుకు లేచారు? పడుకోండి!"

"సంచీ కట్టుకో అమ్మా. పొద్దు గూకకముందే కనుమ కిందికి చేరతావు."

"ఇంకో రెండు రోజులు ఉంటాను. మీ నడుం ఇంకా..."

"నా నడుం నిన్న పొద్దున్నే బాగైంది."

రస్మియ్యా గిన్నె కింద పెట్టింది.

"మరి నిన్నంతా ఎందుకు పడుకున్నారు?"

"నీవు తిప్పతా ఉంటివి కదా, నీకు బాగున్నట్టు ఉండె. ఒక దినం తిప్పనిస్తే ఏం పోతాదిలే అనుకుంటి." ఉమ్ ఔదా తాడు ముడి పళ్లతో బిగించి ఉమ్మేసింది. "నాకు నలుగురు కోడండ్లు ఉండారు. ఒక్కదాన్నీ నా తల ముట్టనియ్యను. నిన్ను ముట్టనిస్తి. ఇంగ చాలు. మీ అమ్మను నాలో వెతుక్కోవద్దు. నేను ఎవురికీ అమ్మను కాను, నా కొడుకులనడిగినా అదే చెప్తారు."

రస్మియ్యాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"సముద్రం చూసేస్తే అయిపోతుంది పిన్నీ" అంది.

"ఏం అయిపోతాది?"

"ఇదంతా. తర్వాత ఇంటికి పోవాలి. ఇంట్లో మంచం ఖాళీగా ఉంది."

 పొయ్యి దగ్గరకు వెళ్లి కూర్చుని, నిన్నటి దాకా వంగలేని మనిషి హాయిగా వంగి నిప్పు ఊదింది.

"ఏడాదికి నాలుగు తూర్లు గుడారం పీకతా నేను" అంది. "పీకే దినం ప్రతిసారీ గుంజల గుంతలు చూస్తే ఏడుపొస్తాది. అరవై ఏండ్లాయె. అలవాటైతాదిలే అనుకుంటి. కాలే. ఐనా పీకతా. మేకలు తినాల కదా."

మూడు పల్చటి రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చింది. గుడారం ముందు నిలబడి వీపు తిప్పుకుంది, సాగనంపడం తనకు రాదన్నట్టు. రస్మియ్యా మలుపు తిరిగేదాకా ఆ కుక్క మాత్రం వెంట వచ్చింది.

ఆ రోజంతా రాళ్ల వాగులో నడిచింది. మర్నాడు కనుమ ఎక్కింది. అదే ఆఖరి ఎక్కుడు. పైకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రెండు గోధుమరంగు కొండల నడుమ ఇరుక్కున్న నీలిగుడ్డ ముక్కలా సముద్రం కనిపించింది. నల్లబల్ల మీద తాను గీసిన గీతకంటే పెద్దదేం కాదు. ఓడలు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఆవలి ఒడ్డున వేరే దేశపు కొండలు పొగలో ఉన్నట్టున్నాయి.

ఆమె కూర్చుంది. దిగడానికి మూడు గంటలు చాలు, అయినా కూర్చుంది. ఏడుస్తాననుకుంది, ఏడవలేదు. పరుగెత్తుకుంటూ దిగుతాననుకుంది, అదీ లేదు. ముసలమ్మ చెప్పిన గుంజల గుంతలు గుర్తొచ్చాయి. కింద ఆ నీలిముక్కను చూసేకొద్దీ వెనక దాటివచ్చిన రోజులన్నీ ఒకదాని వెనక ఒకటి లేచి నిలబడ్డాయి. వాటిలో ఏ ఒక్క రోజుకైనా తిరిగి వెళ్లనిస్తే వెళ్లిపోయేది. బొబ్బలు చితికిన జెరాష్ దారికైనా సరే, ముజిబ్ ఎక్కుడుకైనా సరే.

తల్లికి చెబుదామని నోరు తెరిచింది. చెప్పడానికి ఏమీ తోచలేదు. అలా ఏమీ చెప్పకుండా కూర్చోవడం కూడా తనకు కొత్త కాదని అప్పుడు గుర్తొచ్చింది. బడికి సెలవైన మధ్యాహ్నాలు, చెప్పాల్సిన కబుర్లు అయిపోయాక, మంచం పక్కన ఊరికే కూర్చునేది. తల్లి కిటికీ వైపు చూసేది, తనూ కిటికీ వైపు చూసేది. ఆ పద్నాలుగేళ్లలో అలాంటి మధ్యాహ్నాలు ఎన్నో. వాటిని ఆమె ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు అవే కావాలనిపించింది. 

పొద్దు వాలాక అసర్ నమాజు అక్కడే చదువుకుని దిగింది.

ఒడ్డున సెలవురోజు జనం. పిల్లలు గాలి నింపిన బాతుల మీద తేలుతున్నారు, ఎటు చూసినా బొగ్గుల పొగ. జర్కా పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం పరుచుకున్న చాప పక్కగా ఆమె సంచీ దింపింది. కబాబులు కాలుస్తున్న ఇంటాయన పలకరించాడు.

"ఎక్కణ్నుంచమ్మా?"

"ఉమ్ కైస్ నుంచి."

"అబ్బో, చాలా దూరం! ట్రాఫిక్ ఎలా ఉంది? కతరానా దగ్గర రోడ్డు తవ్వేశారటగా?"

"ఏమో తమ్ముడూ, నేను ఆ దారిన రాలేదు."

"మరే దారిన?"

"కొండల్లోంచి. నడిచి."

ఆయన పెళ్లాం వైపు చూశాడు. పెళ్లాం ఆమె బూట్ల వైపు చూసి, మొగుణ్ని విసనకర్రతో ఒక్కటి వేసింది. "ట్రాఫిక్ సంగతి తర్వాత, ముందు ఆవిడకు ఆ ముక్కలు పెట్టవయ్యా, మాడిపోతున్నాయి!"

రస్మియ్యా బూట్లు విప్పి, పాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగింది. మడమ పగుళ్లకు ఉప్పు తగిలి భగ్గుమన్నాయి. మోకాళ్ల దాకా వెళ్లి నిలబడింది. ఒక పిల్ల బాతు మీద ఆమెను గుద్దుకుని, "సారీ ఆంటీ" అని, మళ్లీ గుద్దుకుంది. అంతే. నలభై నాలుగు రోజుల నడక అక్కడ ఆగింది.

మర్నాటి బస్సులో ఆమె ఎడమవైపు కిటికీ అడిగి మరీ కూర్చుంది. బస్సు ఎడారి రోడ్డు మీద ఉత్తరానికి పోతుంటే, పడమటి దిక్కున ఆ కొండలు దూరంగా, లేతగా వెనక్కి జరుగుతున్నాయి. మఆన్ దగ్గర ఎవరో నారింజపండు ఒలిచారు. ఆ పండు తినేలోపు డానా వెళ్లిపోయింది. డానాలో ఆమె నాలుగు రోజులు నడిచింది. కతరానాలో నిజంగానే రోడ్డు తవ్వేశారు, బస్సు అరగంట ఆగింది. ఆ అరగంటా ఆమె అద్దానికి నుదురు ఆనించి పడమటికి చూస్తూ కూర్చుంది, బస్సును అంతసేపు ఆపినందుకు రోడ్డు తవ్వినవాళ్లకు మనసులో దండం పెట్టుకుంటూ.

రాతిబ్ అమ్మాన్ బస్టాండులో కారుతో సిద్ధంగా ఉన్నాడు. ఆమెను చూసి గట్టిగా పట్టుకున్నాడు. "ఎండి నల్లబడిపోయావక్కా, అమ్మ చూస్తే నన్ను చంపేసేది" అన్నాడు. ఇంటి దగ్గర ఇఖ్లాస్, పిల్లలు, ఇరుగుపొరుగు అందరూ చేరారు. కాఫీ వచ్చింది. "చెప్పక్కా, మొదట్నుంచీ చెప్పు" అన్నారు.

ఆమె మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఉమ్ కైస్‌లో ఆ పొద్దున పడిన మంచు, మొదటి రోజు తడిసిన సాక్సులు, రెండో రోజు బావి దగ్గర కనబడ్డ ముంగిస. మూడో రోజుకు వచ్చేసరికి పక్కింటావిడ తన కొడుకు పెళ్లి సంగతి ఎత్తింది. ఇఖ్లాస్ పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచింది. రాతిబ్‌కు ఫోనొచ్చింది, ఎవరినో విమానాశ్రయానికి దింపాలట. ఎవరి తప్పూ లేదు. ఆమె కాఫీ గిన్నె ఖాళీ చేసి, ఇక వద్దని కాస్త ఊపి పక్కన పెట్టింది.

అందరూ వెళ్లాక తల్లి గదిలోకి వెళ్లింది. ఇఖ్లాస్ పరుపు ఎండబెట్టి, ఉతికిన దుప్పటి వేసి ఉంచింది. రస్మియ్యా మంచం అంచున కూర్చుని, మూడో రోజు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది. పైకేమీ అనలేదు. కిటికీ అవతల ఆలివు కొమ్మలు కదులుతున్నాయి. అటే చూస్తూ, రాసూన్ దాటి, జర్కా వాగు దిగి, దక్షిణానికి నడుచుకుంటూ పోయింది.